ఆరోగ్యం బోధించడానికి వెళ్ళే మన పిల్లలతో నాలుగు మాటలు

(తెలుగు సంఘం ఉగాది ఉత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠం)

 వేపపువ్వు పచ్చడి తిన్న నోటితో ఉపన్యాసం కూడా పుచ్చుకోవలసి రావడం కొంచెం కష్టమే. తరువాత పాటకచేరీ వున్నదని నాకు తెలుసు. కాబట్టి చెప్పవలసినది చెప్పి, సకాలంలో సెలవు తీసుకొంటానని ముందుగానే హామీ యిస్తున్నాను.

ఇక్కడ చేరినవారిలో చాలామంది వేళ్ళు తిరుత్తణి, తిరువళ్ళూరు ప్రాంతాల్లో వున్నాయి. మన కుటుంబాల పిల్లలు కొందరు, నర్సు చదువు చదువుతున్నవారూ, బడిపంతుళ్ళూ, సెలవుల్లో చర్చి బృందాలతో కలిసి దక్షిణాఫ్రికా ఖండభాగానికి వెళ్ళి పల్లెల్లో ఆరోగ్యం బోధించి వద్దామని ఉత్సాహపడుతున్నారు. మలావి అంటారు, జాంబియా అంటారు, లెసోతో అంటారు. చేతులు కడుక్కోవడం, నీళ్ళు కాచుకోవడం, గర్భిణీస్త్రీల ఆహారం, క్షయ, హెచ్.ఐ.వి. ఇవీ వారు చెప్పబోయే పాఠాలు. పెద్దవాళ్ళకు మాత్రం మూడు సందేహాలు వున్నాయి. మొదటిది: మిషనువారితో వెళ్ళడమంటే అది వైద్యమా, మతమా? రెండవది: రెండు మూడు వారాల్లో ఏం ఒరుగుతుంది? మూడవది: ఇక్కడే యింత పని వుండగా అంత దూరం పోవడమెందుకు? మూడూ న్యాయమైన ప్రశ్నలే. వీటికి జవాబు ఆఫ్రికాలో వెతకనవసరం లేదు. మన వూళ్ళ చరిత్రలోనే వున్నది. ఎందుచేతనంటే, ఇటువంటి బృందాలు ఒకప్పుడు మన గడపలోకే వచ్చాయి. వచ్చినవారిలో ఎవరు మేలు చేశారో, ఆ మేలు ఎట్లా జరిగిందో పుచ్చుకొన్నవారికి తెలిసినంతగా యిచ్చినవారికి తెలియదు.

అమెరికానుంచి వైద్యం చదివి మతబోధకు బయలుదేరిన జాన్ స్కడ్డర్ అనే ఆయన 1819లో సింహళం చేరాడు. 1836లో చెన్నపట్నం వచ్చాడు. ఆయన కొడుకులు 1853లో ఆర్కాటు మిషను స్థాపించారు. 1866లో రాణిపేటలో ఆసుపత్రి వెలసింది. ఇదంతా మన ఉత్తరార్కాటు జిల్లా. అప్పట్లో తిరుత్తణి కూడా ఆ జిల్లాలోనే వుండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1960 ఏప్రిల్ 1న, పటాస్కర్‌గారి సిఫారసుల మీద చేసిన సరిహద్దుల చట్టం ప్రకారం మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. ఆ ముసలి స్కడ్డరుగారు ఎక్కడ కన్నుమూశారో తెలుసునా? ఆరోగ్యం చెడి, గాలిమార్పుకని వెళ్ళి, 1855లో దక్షిణాఫ్రికాలోని కేప్ వద్ద వైన్‌బర్గ్ అనే వూళ్ళో. అంటే మన పిల్లలు ఈనాడు బయలుదేరుతున్న దారికీ, మన వూళ్ళకూ ముడి ఎప్పుడో పడింది.

ఆయన మనుమరాలు ఐడా స్కడ్డరమ్మగారు 1870లో రాణిపేటలోనే పుట్టారు. ఆవిడకు మొదట వైద్యం మీదా మిషను మీదా యిష్టం లేదు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒకరి తరువాత ఒకరు, ప్రసవంలో కష్టపడుతున్న తమ భార్యలకోసం సహాయం అడగవచ్చారు. ఆమె తండ్రి వైద్యుడు, కాని మగవాడు. పరపురుషుడు చూడరాదని ముగ్గురూ వెనుదిరిగిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. మందులేక కాదు, వైద్యుడు లేకా కాదు, వారి గడప దాటి లోపలికి రాగల మనిషి లేక. ఈ సంగతి మన పిల్లలు బాగా గుర్తుంచుకోవాలి. ఆవిడ అమెరికా వెళ్ళి 1899లో వైద్యపట్టం పుచ్చుకొని, 1900 సంవత్సరం మొదటిరోజున తిరిగివచ్చారు. 1902లో వేలూరులో స్త్రీల ఆసుపత్రి. తరువాత కొద్దికాలానికే గుడియాత్తం దారిలో చెట్లకింద బండి ఆపి, రోడ్డుపక్కనే చూపించుకోవచ్చిన వారికి మందులు యివ్వడం. 1909లో నర్సుల బడి. 1918లో ఆడవారికి వైద్యపాఠశాల. అది పెరిగి పెద్దదై, 1947లో మగవారిని కూడా చేర్చుకొన్నది. అదే నేటి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల. ఆవిడ 1960లో కాలధర్మం చెందారు.

ఆవిడ చేసినదానిలో పెద్దది ఏది? చేసిన ఆపరేషన్లు కావు. తాను పోయిన తరువాత కూడా నిలిచేట్టుగా ఇక్కడి ఆడపిల్లలను డాక్టర్లుగా, నర్సులుగా తయారుచేయడం. పల్లెలో ప్రసవానికి పిలిస్తే లోపలికి పోగలది ఆ వూరి పిల్ల, ఆ భాష పిల్ల. ఆవిడ యిక్కడ వుండి చేసిన వైద్యం కొన్ని దశాబ్దాలది. తయారుచేసిన మనుషుల పని ఇప్పటికీ నడుస్తున్నది. గుంటూరులో అన్నా కుగ్లరమ్మగారూ అంతే. 1883లో వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో ఆ వూళ్ళోనే పోయారు. తిరువళ్ళూరు ప్రక్కనున్న ఈక్కాడులో వెస్లియన్ మిషనుకు చెందిన విలియం గౌడీగారు పందొమ్మిదో శతాబ్దపు చివరిదశకాల్లో పనిచేశారు. బడి, ఆసుపత్రి రెండూ ఆ వూళ్ళో పుట్టినవే. వీరెవరూ మూడువారాల యాత్రికులు కారు.

ఇక మతం సంగతి. దాచిపెట్టి మాట్లాడితే లాభం లేదు. వారు క్రీస్తును గురించి చెప్పడానికే వచ్చారు. మందు కోసం వచ్చినవారికి వాక్యం కూడా వినిపించారు. కొందరు మతంలో కలిశారు, తక్కిన చాలామంది మందు పుచ్చుకొని యింటికి పోయారు. అందువల్ల మన సంస్కృతికి చేటు వాటిల్లిందనేవారు వున్నారు. వారికి తిరుత్తణిలోనే జవాబు వున్నది. 1888లో తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణగారు తిరుపతిలో లూథరన్ మిషను బడిలో చదివారు. వేలూరులో వూర్‌హీస్ కళాశాలలో చదివారు. చెన్నపట్నంలో క్రైస్తవ కళాశాలలో చదివారు. ముగ్గురూ మిషనువారే. హిందూమతాన్ని ఆ పంతుళ్ళు విమర్శించడం విని ఆయనకు పౌరుషం వచ్చింది. అసలు మన గ్రంథాల్లో ఏమున్నదో చూద్దామని పట్టుబట్టి చదివి, వేదాంతంలోని నీతిశాస్త్రాన్ని గురించి పరిశోధన వ్యాసం వ్రాశారు. ఆ వ్యాసాన్ని మెచ్చుకొన్నది కూడా ఆ కళాశాలలోని క్రైస్తవ ఆచార్యుడు హాగ్‌గారే. పుచ్చుకొనేవాడు తెలివిగలవాడైతే విద్యా, వైద్యమూ ఎవరు యిచ్చినా పరాయివి కావు.

అయితే దీనికి రెండోవైపు కూడా వున్నది. ఇచ్చేవాడు షరతు పెట్టకూడదు. ఆకలితో, జ్వరంతో వున్నవాడి ముందు మందుసీసా పట్టుకొని ప్రార్థనకు రమ్మనడం ధర్మం కాదు. మన పిల్లల్లో క్రైస్తవులు వున్నారు, కానివారు వున్నారు. అందరికీ నేను చెప్పేది ఒకటే. మీ బృందంవారిని బయలుదేరకముందే అడగండి: "ప్రార్థనకు రానివాడికి కూడా ఇదే మందు, ఇదే పాఠం, ఇదే వరుసలో దొరుకుతుందా?" అని. అవునన్నవారితో వెళ్ళండి. తడబడినవారితో వెళ్ళకండి. మొదటి సందేహానికి నా జవాబు ఇదే.

ఇప్పుడు మనవాళ్ళు ఆ దేశానికి వెళ్ళిన కథ చెప్పుకొందాం. 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు విడిచి, నవంబరు 16న డర్బను రేవు చేరింది. చెరకు తోటల్లో పనికి కంట్రాక్టు మీద మనుషులను తీసుకుపోయిన మొదటి ఓడ అదే. 1911 వరకు అట్లా నేటాలు చేరినవారు లక్షా యాభైరెండువేలకు పైగా. అందులో ఉత్తరార్కాటునుంచీ, చిత్తూరు పక్కనుంచీ, విశాఖపట్నం జిల్లానుంచీ పోయినవారు చాలామంది. మన వూళ్ళలో ఫలానా తాత 'నేటాలు పోయి తిరిగిరాలేదు' అనే మాట కొన్ని యిళ్ళలో వినబడేది. వారి పిల్లలే తరువాత 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకొన్నారు. ఉగాది చేసుకొంటున్నారు, తెలుగు నేర్చుకొంటున్నారు. మన సంఘానికి వాళ్ళు పెద్దన్నలు.

ఆ డర్బనులో సెయింట్ ఎయిడన్స్ మిషనుకు చెందిన డాక్టరు బూత్‌గారు వుండేవారు. ఆయన దగ్గర స్వచ్ఛందసేవకుడిగా చేరిన ఒక బారిస్టరు వున్నాడు. ఆయన పేరు మోహనదాసు గాంధీ. ఒకనాడు ఒక కుష్ఠురోగి ఆయన యింటిముందుకు వచ్చి నిలబడ్డాడు. అన్నం పెట్టి పంపడానికి మనసొప్పక, కొన్నాళ్ళు యింట్లోనే వుంచుకొని పుండ్లు కట్టాడు. కాని ఎల్లకాలం అది సాగేది కాదు. నిలకడగా చేయదగిన సేవ ఏమున్నదా అని వెతికి, పార్శీ రుస్తుంజీగారి ధర్మధనంతో బూత్‌గారి పర్యవేక్షణలో నడిచే చిన్న ఆసుపత్రిలో రోజూ ఉదయం గంటా రెండుగంటలు కంపౌండరు పనికి కుదిరాడు. అక్కడి పని ఏమిటనుకొన్నారు? రోగి చెప్పుకొనే బాధ విని, డాక్టరుకు వివరంగా తెలియజెప్పడం. డాక్టరు చెప్పిన మందు కలిపి యివ్వడం. అంతే. వచ్చే రోగుల్లో ఎక్కువమంది కంట్రాక్టు కూలీలు, తమిళులు, తెలుగువారు, ఉత్తరాదివారు అని ఆయనే తన ఆత్మకథలో వ్రాసుకొన్నాడు. ఆ కూలీల కష్టం ఏమిటో ఆయనకు తెలిసింది కోర్టులో కంటె ఈ ఆసుపత్రి బల్లమీద ఎక్కువ అని నేననుకొంటాను. 1899లో బోయరు యుద్ధం వచ్చినప్పుడు క్షతగాత్రులను మోసే దళానికి శిక్షణ యిచ్చినదీ ఆ బూత్‌గారే.

చూడండి, ఒక క్రైస్తవ మిషను, అందులో ఒక హిందువు, డబ్బిచ్చినది పార్శీ, మందు పుచ్చుకొన్నవారిలో మన తెలుగు కూలీలు. ఇంతకంటె మంచి ఉదాహరణ మన పిల్లలకు దొరకదు. ఆయన అక్కడ మొదట చేసిన పని బోధించడం కాదు, వినడం.

మన తెలుగు క్రైస్తవులు కూడా తక్కువ తినలేదు. 1903లో తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషన్ సంఘంవారు జాన్ రంగయ్యగారిని నేటాలు పంపారు. తోటల్లో కాపురమున్న తెలుగువారి మధ్య, కియర్స్‌నీ అనే చోట ఆయన స్థిరపడ్డారు. దొరలు మన దేశానికి పంపడం చూశాం గాని, మనవాళ్ళు మనవాళ్ళకోసం సముద్రంమీద మనిషిని పంపడం అది. తెలుగులో మాట్లాడి, తెలుగులో ప్రార్థన చేయగల మనిషి రావడం ఆ తోటల్లోవారికి ఎంత ధైర్యమో, పరదేశంలో కాపురం చేసే మనకు విడమరచి చెప్పనక్కరలేదు.

రెండవ సందేహానికి వస్తాను. మూడువారాల్లో ఏం ఒరుగుతుంది? దీనికి తిరువళ్ళూరే పాఠం చెబుతుంది.

1968లో, అప్పటి చెంగల్పట్టు జిల్లాలో, తిరువళ్ళూరు చుట్టుప్రక్కల పల్లెల్లో బి.సి.జి. టీకా క్షయనుంచి ఎంతవరకు కాపాడుతుందో చూడడానికి ఒక పరీక్ష మొదలైంది. ఆ టీకాను పరీక్షించిన ప్రయత్నాల్లో ప్రపంచంలో అదే అతిపెద్దది. రెండున్నర లక్షలమందికి పైగా మన పల్లెప్రజలు జబ్బలు చాచారు. కొందరికి టీకా, కొందరికి ఉత్త మందులేని సూది. ఎవరికి ఏది పడిందో తెలియకుండా యేళ్ళతరబడి గమనించారు. 1979–80 నాటికి తేలినది ఏమంటే, పెద్దవారికి వచ్చే ఊపిరితిత్తుల క్షయనుంచి ఆ టీకా రక్షణ యివ్వలేదు. పదిహేనేళ్ళు చూసినా అదే మాట. పసిపిల్లలకు వచ్చే మెదడుపొర క్షయవంటి ఘోరమైన రకాలనుంచి కాపాడుతుంది కాబట్టి పుట్టిన బిడ్డకు ఆ టీకా ఇప్పటికీ వేస్తున్నాం, వేయించాలి. కాని పెద్దవాళ్ళ క్షయకు అది చాలదని లోకానికి తెలియజేసినది తిరువళ్ళూరు రైతులూ, కూలీలూ. వైద్యశాస్త్రం మనకు పెట్టిన భిక్ష మాత్రమే కాదు, మనం పెట్టిన భిక్ష కూడా వున్నది.

టీకా చాలదని తెలిసిన తరువాత ఏం చేశారు? రోగిని కనిపెట్టి, ఆరునెలలపాటు మాత్రలు తప్పకుండా మింగించడమే మార్గమైంది. 1999నుంచి తిరువళ్ళూరు ప్రాంతంలో ఎవరో ఒకరు ఎదురుగా వుండి మాత్ర మింగించే పద్ధతిని ప్రవేశపెట్టి, దాని ఫలితాన్ని లెక్కకట్టారు. మొదటి అయిదేళ్ళలో క్షయరోగుల నిష్పత్తి దరిదాపు సగానికి పడిపోయింది. తరువాతి సర్వేలో ఆ తగ్గుదల నిలబడలేదు. అంటే పని ఆపకూడదని అర్థం. మాత్ర మింగించినవారు ఎవరు? ఆరోగ్య కార్యకర్త, అంగన్‌వాడీ అమ్మ, పక్కింటివాడు. క్షయకు మొదటి రెండునెలల్లోనే దగ్గు తగ్గి, ఒళ్ళు పట్టి, "నాకు నయమైంది" అని రోగి మాత్రలు మానేస్తాడు. ఆ రోజున అతని గడపలో నిలబడి "నాయనా, ఇంకా నాలుగు నెలలున్నది" అని చెప్పేవాడు కావాలి. విమానంలో వచ్చి విమానంలో పోయేవాడు ఆ రోజు అక్కడ వుండడు.

కాబట్టి మూడువారాలకు వెళ్ళేవారు రోగికి నేరుగా బోధించాలని పెట్టుకోవద్దు. అక్కడే వుండిపోయే మనిషికి తోడ్పడాలి. వేలూరులో చదివిన రజనీకాంత్ అరోలే, మేబెల్ అరోలే దంపతులు 1970లో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో చేసినది ఇదే. పల్లెపల్లెకూ ఒక స్త్రీని, చాలామంది చదువురానివారినే, ఎన్నుకొని కాన్పు చూడడం, పిల్లల తూకం చూడడం, విరేచనాలకు నీళ్ళు పట్టించడం నేర్పారు. డాక్టర్లు చెప్పినప్పుడు కదలని వూళ్ళు ఆ ఆడవాళ్ళు చెప్పినప్పుడు కదిలాయి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని మన సామెత. చెప్పేది తన వూరి మనిషే అయినప్పుడు ఆ లోకువ వుండదు.

ఇంకొక కఠినమైన మాట చెప్పవలసి వున్నది. 2025లో అమెరికా ప్రభుత్వం విదేశ సహాయాన్ని హఠాత్తుగా కోసివేసింది. దక్షిణాఫ్రికాలో హెచ్.ఐ.వి. పనిలో వున్న వేలమంది ఆరోగ్య కార్యకర్తలకు జీతాలు పోయాయి. ఎస్వతినీ అనే చిన్నదేశంలో పెద్దవారిలో దరిదాపు నలుగురిలో ఒకరికి ఆ వ్యాధి వున్నది. అట్టి చోట శిక్షణ పొందిన స్థానిక నర్సు పనిలేక యింట్లో కూర్చొని వుంటే, ఏమీ తెలియని మన పిల్ల విమానమెక్కి వెళ్ళి చేతులు కడుక్కోమని చెప్పడంలో అర్థమున్నదా? తల్లిదండ్రులు టిక్కెట్టు కొనబోయేముందు ఈ ప్రశ్న వేసుకోవాలి. వెళ్ళేవారు ప్రయాణానికి ఖర్చుపెట్టినంత డబ్బు అక్కడి ఆసుపత్రికో, అక్కడి కార్యకర్త జీతానికో కూడా పోగుచేసి తీసుకుపోతే ఆ యాత్రకు గౌరవం వుంటుంది. అది చేయలేనివారు టిక్కెట్టు డబ్బే పంపించి యింట్లో వుండడం మేలు.

మనం సిగ్గుపడనవసరం లేని సంగతి కూడా ఒకటి వున్నది. ఆ దేశాల్లో హెచ్.ఐ.వి. రోగులు రోజూ మింగే మాత్రల్లో చాలాభాగం భారతదేశంలో తయారైనవి. హైదరాబాదు కంపెనీలు ఆ వ్యాపారంలో ముందువరుసలో వున్నాయి. ఏ గుడిసెలోనో ఒక తల్లి ప్రాణం నిలబెడుతున్న మాత్ర తెలుగుగడ్డమీద తయారై వుండవచ్చు. ఆ మాత్ర ఆమె చేతికి రోజూ అందడం, ఆమె దానిని మానకుండా మింగడం, ఈ రెండే మిగిలిన పని.

ఇక మూడవ సందేహం: ఇక్కడ వుండగా అక్కడెందుకు? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. తిరువళ్ళూరు జిల్లాలో ఇటుక బట్టీలు వున్నాయి. ఒరిస్సానుంచి కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి ఆరేడు నెలలు అక్కడ గుడిసెల్లో వుంటారు. వారికి అరవం రాదు, తెలుగు రాదు. వూరు మారే పిల్లలకు టీకాల వరుస తప్పుతుంది. గర్భిణీస్త్రీ కార్డు ఒక జిల్లాలో, కాన్పు యింకొక జిల్లాలో. ఆఫ్రికా వెళ్ళదలచిన మన పిల్లలు బయలుదేరేముందు ఒక వేసవి నెల ఆ బట్టీల దగ్గర, ప్రభుత్వ ఆరోగ్యకేంద్రం నర్సమ్మ వెంట తిరిగిరావాలని నా సలహా. భాష తెలియని మనిషికి ఆరోగ్యం చెప్పడం ఎంత కష్టమో అక్కడ తెలుస్తుంది. అక్కడ చేయలేనివారు జాంబియాలో కూడా చేయలేరు. అక్కడ చేయగలిగినవారు ఎక్కడైనా చేయగలరు.

భాష అన్నాను కాబట్టి రెండు మాటలు. తిరుత్తణి పక్క పల్లెల్లో ముసలమ్మలు యింట్లో తెలుగు మాట్లాడతారు. ఆసుపత్రిలో బోర్డు తమిళం, చీటీ ఇంగ్లీషు. "కళ్ళు తిరుగుతున్నాయి", "గుండె దడగా వున్నది", "వేడి చేసింది", "గాలి సోకింది" అని ఆవిడ చెబుతుంది. వీటిలో ప్రతి మాటకూ ఒక అర్థం వున్నది. తెలిసిన డాక్టరు నాలుగు ప్రశ్నలు వేసి రోగం పట్టుకొంటాడు, తెలియనివాడు నవ్వి పంపేస్తాడు. మశూచికి మనవాళ్ళు 'అమ్మవారు పోసింది' అనేవారు. టీకాలు వేసేవాళ్ళు ఆ మాటను ఎగతాళి చేసిన చోట తలుపులు మూశారు. వేపాకు కట్టనిచ్చి, అమ్మవారికి దండం పెట్టనిచ్చి, "తక్కిన పిల్లలకు టీకా వేయించు తల్లీ" అన్నచోట తలుపులు తెరిచారు. 1975లో మన దేశంలో ఆ వ్యాధి చివరిసారి కనబడింది, 1977లో పోయిందని ధ్రువీకరించారు. ఎగతాళివల్ల పోలేదు, ఓపికవల్ల పోయింది. తిరువళ్ళూరు స్వామిని వైద్య వీరరాఘవుడంటాం. అమావాస్యనాడు కోనేటిలో బెల్లం వేసి మొక్కుకొన్న మనిషి మరునాడు ఆసుపత్రికి పోయి వరుసలో నిలబడతాడు. ఆయనకు ఆ రెండింటికీ విరోధం కనబడదు. జూలూవారికీ, చెవావారికీ కూడా వారి మాటలు, వారి మొక్కులు, వారి పెద్దలు వున్నారు. మన ముసలమ్మను ఎట్లా చూడాలని కోరుకొంటామో, వారి ముసలమ్మను అట్లాగే చూడాలి.

వెళ్ళే చిరంజీవులకు ఆచరణలో పనికివచ్చే నాలుగు సంగతులు చెప్పి ముగిస్తాను. ఒకటి, మీకు యిక్కడ చేయడానికి అధికారం లేని వైద్యం అక్కడ చేయకండి. సూది వేయడం, కాన్పు చేయడం, చదువు పూర్తికాని పిల్లలకు ఏ దేశంలోనూ తగదు. పేదవాళ్ళ ఒళ్ళు నేర్చుకొనే పలక కాదు.

రెండు, చెప్పే పాఠం ఆ యింట్లో వున్న సామానుతో చేసి చూపండి. విరేచనాలకు పంచదార నీళ్ళున్నాయి. ఒక లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చదును చెమ్చాల పంచదార, అర చెమ్చా ఉప్పు. చిన్న టీ చెమ్చా సుమా. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకు ప్రమాదం. ఆ వూళ్ళో లీటరు అంటే ఏ సీసా, చెమ్చా అంటే ఏ చెమ్చా అని ముందు చూసుకొని, ఆ తల్లిచేతనే కలిపించి, మీరు తాగి చూడండి. కన్నీళ్ళకంటె ఉప్పగా వుండకూడదు. 2023–24లో జాంబియాలో కలరా వచ్చి ఏడువందలమందికి పైగా పోయారు. ఈ నీళ్ళు వెంటనే పట్టించి, ఆసుపత్రికి తీసుకుపోవడం తెలిసిన తల్లి ఒక్కతె వున్నా ఆ వీధికి అదృష్టమే.

మూడు, ఫోటోలు. పుండ్లతో వున్న బిడ్డను ఎత్తుకొని నవ్వుతూ తీయించుకొన్న ఫోటో యిక్కడ మనకు గొప్పగా వుండవచ్చు. ఎవరో పరదేశి వచ్చి మన చెల్లెలిని అట్లా ఫోటో తీసి తన వూళ్ళో చూపించుకొంటే మనకెట్లా వుంటుందో ఆలోచించి తీయండి. తీయకపోవడమే మేలు.

నాలుగు, తిరిగివచ్చిన తరువాత కూడా పని వున్నది. అక్కడి నర్సు పేరు, ఆమె అడిగిన వస్తువు, ఆమె చేయలేకపోతున్న పని వ్రాసుకొని రండి. ఆరునెలలకొకసారి ఉత్తరం వ్రాయండి. మన సంఘంవారు ఏటేటా ఉగాదికి వసూలుచేసే చందాలో ఒక పాలు ఒకే ఆసుపత్రికి, అయిదారేళ్ళపాటు, మానకుండా పంపగలిగితే అది మూడువారాల యాత్రలు పది చేసినదానితో సమానం. కార్యవర్గంవారు దీనిని ఆలోచించవలసిందిగా ఈ సభాముఖంగా కోరుతున్నాను.

తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలను ఆపవద్దు. పరాయిదేశంనుంచి ఎవరో ఒకరి కూతురు రాబట్టి, తల్లి ప్రాణాలు దక్కించుకొన్న యిళ్ళు మన జిల్లాలో ఎన్నో వున్నాయి. ఆ అప్పు ఆవిడకు తీర్చలేం, ఆవిడ పోయారు. ఇంకొకచోట యింకొకరికి తీర్చవలసిన అప్పు అది. అయితే దానిని తీర్చే పద్ధతి వేలూరు చూపించింది, తిరువళ్ళూరు చూపించింది, డర్బను చూపించింది. ముందు విని, తరువాత చెప్పి, చివరకు అక్కడివారి చేతికే పని అప్పగించి రావడం. మన పిల్లలు దీనిని తెలుసుకొని వెళితే నిశ్చింతగా పంపండి. తెలుసుకోకుండా వెళతామంటే, ముందు తిరువళ్ళూరు బట్టీలకు పంపండి.

 కొత్త సంవత్సరంలో మీ యిళ్ళల్లో డాక్టరుగారు చుట్టంగా మాత్రమే వచ్చిపోవాలని కోరుకొంటూ సెలవు తీసుకొంటున్నాను.